మోటార్ థ్రెషోల్డ్ అంకె వయసును బట్టి, ఆడా మగా తేడాను బట్టి మారుతుందా?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి మీరు రాసిన దాని సారాంశం ఇది. అమ్మగారికి 63 ఏళ్లు, డిప్రెషన్‌కి టీఎంఎస్ (తల మీద కాయిల్, అంటే తీగచుట్ట, ఆనించి అయస్కాంత పల్సులతో మెదడును తట్టే చికిత్స) మొదలుపెట్టారు. మొదటి రోజు తల మీద కాయిల్ పెట్టి చూసి, ఫైల్లో ‘మోటార్ థ్రెషోల్డ్ 62 శాతం’ అని రాశారు. నిరుడు 29 ఏళ్ల మీ తమ్ముడికి ఇంకో క్లినిక్‌లో చేయించినప్పుడు 44 వచ్చింది. అమ్మ మెదడు మొద్దుబారిందా, వయసు వల్లా, ఆడమనిషి కావడం వల్లా అని ఇంట్లో టెన్షన్. మీకు మైగ్రేన్ ఉంది కాబట్టి, మీకే చేస్తే నెలసరి రోజుల్ని బట్టి అంకె మారుతుందా అన్నది రెండో ప్రశ్న. పదకొండేళ్ల మీ అబ్బాయికి చేస్తే ఎంత వస్తుందన్నది మూడోది. అమ్మగారు ముఖం నొప్పికి కార్బమజెపిన్, రాత్రి నిద్రకు క్లోనజెపామ్ వేసుకుంటారని చివర్లో ఒక్క ముక్క రాశారు. నిజానికి మొదట రాయాల్సింది అదే.

నేను డాక్టర్ని కాను. హైదరాబాద్‌లో న్యూరోఫిజియాలజీ ల్యాబుల్లో ఇరవై రెండేళ్లుగా టెక్నాలజిస్టుని. ఈఈజీ, నర్వ్ కండక్షన్, ఆ తర్వాత టీఎంఎస్. మందు మార్చమనీ, మానేయమనీ చెప్పే హక్కు నాకు లేదు. ఆ అంకె ఎలా పుడుతుందో మాత్రం చెప్పగలను, ఎందుకంటే రోజూ దాన్ని పుట్టించేది మేమే.

ముందు భయం తీరుస్తా. 62 అంటే అమ్మగారి మెదడుకు వచ్చిన మార్కు కాదు. 44 పక్కన పెట్టి చూడడానికి అసలే పనికిరాదు. మెషీన్ ఇవ్వగలిగే గరిష్ఠ శక్తిలో ఎన్నో వంతు వాడితే చేతి కండ స్పందించిందో అదే ఆ శాతం. గరిష్ఠ శక్తి ఒక్కో కంపెనీ మెషీన్‌కి ఒక్కోలా ఉంటుంది. కాయిల్ సైజు వేరు. కొన్ని మెషీన్ల పల్స్ ఒకే దిశలో పోతుంది, కొన్నిటిలో ముందుకు పోయి వెనక్కి వస్తుంది. ఒకే మనిషిని పొద్దున ఒక మెషీన్ మీద, సాయంత్రం ఇంకో మెషీన్ మీద కూర్చోబెట్టినా రెండు అంకెలు వస్తాయి. కోఠీలో ఎక్కిన ఆటో మీటరూ, అమీర్‌పేటలో ఎక్కిన ఆటో మీటరూ పక్కపక్కన పెట్టి దూరం తేల్చమంటే ఎవరు తేలుస్తారు?

అంకె ఎలా తీస్తామో ఒకసారి చూడండి. పేషెంటుని కుర్చీలో వెనక్కి వాల్చి, చేతిని దిండు మీద పెట్టిస్తాం. బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే కండ ఉంది కదా, దాన్ని స్పిరిట్‌తో తుడిచి ఒక ఎలక్ట్రోడ్, వేలి కణుపు మీద ఇంకోటి అంటిస్తాం. గోరింటాకు ఉన్నా, ఎండన పడొచ్చి అరచేతికి చెమట పట్టినా ఇంకో రెండుసార్లు రుద్దాలి. తర్వాత ఇంగ్లిష్ 8 అంకె ఆకారంలో ఉండే కాయిల్‌ని నడినెత్తి నుంచి పక్కకు సుమారు 5 సెంటీమీటర్ల దూరంలో ఆనించి, పిడిని వాలుగా వెనక్కి తిప్పి పట్టుకుంటాం. పల్స్ వదిలితే పెద్దగా ‘టక్’ మంటుంది, అందుకే చెవుల్లో ప్లగ్గులు పెడతాం. టక్ మన్న తర్వాత దాదాపు 20 మిల్లీసెకన్లకు స్క్రీన్ మీద ఒక అల లేస్తుంది. దాన్ని ఎంఈపీ అంటాం. కాయిల్‌ని అర సెంటీమీటరు అటూ ఇటూ జరుపుతూ, అల ఎక్కడ పెద్దగా వస్తుందో ఆ చోటు పట్టుకుంటాం. అక్కడి నుంచి శక్తి తగ్గించుకుంటూ వస్తాం. పది పల్సుల్లో కనీసం ఐదుసార్లు 50 మైక్రోవోల్టులు దాటే అల వచ్చిన అతి తక్కువ శక్తి ఏదో, అదే రెస్టింగ్ మోటార్ థ్రెషోల్డ్.

చాలా క్లినిక్కుల్లో ఎలక్ట్రోడ్లు పెట్టరు. బొటనవేలు కదిలిందా లేదా అని కంటితో చూసి రాసేస్తారు. అది తప్పేం కాదు. కానీ కంటికి కనబడేంత కదలాలంటే 50 మైక్రోవోల్టుల కంటే ఎక్కువే కావాలి కాబట్టి, కంటితో చూసిన అంకె సాధారణంగా కొంచెం ఎక్కువ వస్తుంది. అమ్మగారికి ఏ పద్ధతిలో చూశారో అడగండి. తమ్ముడిది ఏ పద్ధతో కూడా కనుక్కోండి. సగం గొడవ అక్కడే తేలిపోవచ్చు.

ఇప్పుడు వయసు సంగతి. వయసు పనిచేసే దారి మీరు ఊహించే చోట లేదు. ఫారడే 1831లో చూపించిన సూత్రమే ఈ మెషీన్‌లో ఉన్నది: మారుతున్న అయస్కాంత క్షేత్రం పక్కన ఉన్న వాహకంలో కరెంటు పుట్టిస్తుంది. ఇక్కడ వాహకం మెదడు. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంటోనీ బార్కర్ బృందం 1985లో మనిషి మీద దీన్ని చేసి చూపించింది. అంతకు ఐదేళ్ల ముందు మెర్టన్, మోర్టన్ అనే ఇద్దరు నెత్తి మీద నేరుగా కరెంటు పెట్టి ఇదే పని చేశారు గానీ, అది భరించలేనంత నొప్పి. అయస్కాంత క్షేత్రానికి పుర్రె ఎముక అడ్డం కాదు, అందుకే అంత నొప్పి ఉండదు. దాన్ని దెబ్బతీసేది దూరం. కాయిల్ నుంచి దూరం పెరిగే కొద్దీ క్షేత్రం గబగబా పడిపోతుంది. కాయిల్‌కీ మెదడు పైపొరకీ మధ్య దూరం ఒక్క మిల్లీమీటరు పెరిగితే, మెషీన్ శక్తి దాదాపు 3 శాతం ఎక్కువ పెట్టాల్సి వస్తుందని కొలిచి చూసినవాళ్లు తేల్చారు.

వయసు మీరితే మెదడు కాస్త కుదించుకుంటుంది. పుర్రె కుదించుకోదు కదా. మధ్యలో నీరు నిండిన సందు వెడల్పవుతుంది. ఐదు మిల్లీమీటర్ల తేడా వచ్చిందంటే లెక్క ప్రకారం 15 అంకెలు పెరిగినట్టే. మెదడులోని కణాలు అంతే చురుగ్గా ఉన్నా సరే, దెబ్బ దూరం నుంచి తగులుతోంది కాబట్టి గట్టిగా కొట్టాలి. అమ్మగారి 62లో కొంత ఇదే అయి ఉండొచ్చు.

దూరం అంటే పుర్రె లోపలిదే కాదు. ఇది నా స్వంత సిగ్గు కథ. పని నేర్చుకున్న కొత్తల్లో, మా లాగ్ పుస్తకంలో ఆడవాళ్ల అంకెలు మగవాళ్ల కంటే ఎక్కువగా కనిపించాయి. ఏదో కొత్త విషయం కనిపెట్టినట్టు మా పెద్ద డాక్టర్‌గారి దగ్గరికి పుస్తకం పట్టుకెళ్లా. ఆయన ఏమీ అనలేదు. లేచి వచ్చి, కుర్చీలో కూర్చుని ఉన్న ఒక పెద్దావిడ వెనక నిలబడి, ‘‘అమ్మా, కొప్పు ఒకసారి విప్పుతారా’’ అన్నారు. ఆవిడ నెత్తి మీదికి గట్టిగా ముడేసిన కొప్పు, పక్కన రెండు పిన్నులు, వాటి కింద దువ్వి నొక్కిన దట్టమైన జుట్టు. కొప్పు విప్పి, పాయలు రెండు పక్కలకు తీసి, కాయిల్‌ని నెత్తి చర్మానికి ఆనించి మళ్లీ కొలవమన్నారు. అరగంట కింద నేను 58 అని రాసిన చోట 51 వచ్చింది. నేను కొలిచింది ఆవిడ మెదడును కాదు, ఆవిడ కొప్పును. ఆ పేజీ ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంటుంది, ఎర్ర ఇంకుతో కొట్టేసి పక్కన ‘జుట్టు’ అని రాసుకున్నా.

పెద్దవాళ్లలో దీనికి సరిగ్గా ఎదురుగా పనిచేసేది ఇంకోటి ఉంది. చెయ్యి వదులుగా పెట్టడం చాలామందికి చేతకాదు. ఒక రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవర్‌గారు వచ్చేవారు. ‘‘వదిలేయండి నాన్నా, చెయ్యి నాది కాదనుకోండి’’ అని ఎంత చెప్పినా, ముప్ఫై ఏళ్లు స్టీరింగ్ పట్టిన చెయ్యి కదా, కుర్చీ చేతిని పట్టుకునే ఉండేది. మేం కండ శబ్దాన్ని స్పీకర్‌లో పెడతాం. వదులుగా ఉంటే నిశ్శబ్దం. కొంచెం బిగించినా వాన రేకుల మీద పడ్డట్టు గరగర. ఆయనది ఎప్పుడూ గరగరే. కండ ఏ కాస్త బిగిసి ఉన్నా మెదడు నుంచి దారి అప్పటికే తెరిచి ఉన్నట్టు, తక్కువ శక్తికే అల వచ్చేస్తుంది. బిగించి ఉంచి కొలిచే థ్రెషోల్డ్‌ని యాక్టివ్ థ్రెషోల్డ్ అని విడిగా పిలుస్తారు, అది ఎప్పుడూ రెస్టింగ్ కంటే తక్కువే. దాన్ని రెస్టింగ్ అనుకుని రాస్తే పెద్దాయనకు కుర్రాడి అంకె వచ్చేస్తుంది. దూరం అంకెను పైకి లాగుతుంటే, వదలని చెయ్యి కిందికి లాగుతుంది. వయసుతో థ్రెషోల్డ్ పెరుగుతుందని కొన్ని పరిశోధనలు, ఏమీ మారదని కొన్ని అనడానికి ఇలాంటివి కూడా కారణమని నా అనుభవం.

ఇక మందులు. అమ్మగారి విషయంలో నా అనుమానం ఎక్కువగా దీని మీదే. థ్రెషోల్డ్ అనేది నరాల పొరలో ఉండే సోడియం ద్వారాల మీద ఆధారపడుతుంది. ఆ ద్వారాలను కాస్త మూసి ఉంచే మందులు, అంటే కార్బమజెపిన్, ఫెనిటోయిన్, లామోట్రిజిన్, థ్రెషోల్డ్‌ని పెంచుతాయి. ఇందులో పరిశోధకుల మధ్య గొడవ పెద్దగా లేదు. ఫిట్స్ రాకుండా ఆపేదీ, ముఖంలో కరెంటు కొట్టినట్టు వచ్చే నొప్పిని ఆపేదీ ఆ గుణమే. క్లోనజెపామ్ కథ వేరు. అది గాబా అనే రసాయనం ద్వారా పనిచేస్తుంది. థ్రెషోల్డ్‌ని పెద్దగా కదపదు, మెదడు లోపలి బ్రేకును గట్టిపరుస్తుంది. ఆ రకం మందులు ఎక్కువగా వాడేవాళ్లలో టీఎంఎస్ ఫలితం కొంత తగ్గినట్టు కొన్ని పరిశీలనల్లో కనిపించింది. ఇది చదివి మందు మీరే ఆపేయకండి. కార్బమజెపిన్ హఠాత్తుగా ఆపితే అదో ప్రమాదం. చికిత్స చేస్తున్న డాక్టర్‌కి రెండు మందుల పేర్లూ, మోతాదూ చెప్పారా లేదా చూసుకోండి, అంతే. చీటీ ఇంట్లో మర్చిపోయి ‘ఏదో నొప్పి గోలీ’ అని చెప్పేవాళ్లను రోజూ చూస్తుంటా.

బ్రేకు అన్నా కదా, దాన్ని వివరించకపోతే మిగతాది అర్థం కాదు. మెదడు ఎంత సులువుగా స్పందిస్తుందన్నదాన్ని ఎక్సైటబిలిటీ అంటారు, థ్రెషోల్డ్ ఒక్కటే అది కాదు. 1993లో కుజిరాయి అనే జపాన్ శాస్త్రవేత్త, లండన్ బృందంతో కలిసి ఒక మంచి ఉపాయం చూపించాడు. ఒకే చోట రెండు పల్సులు ఇవ్వాలి. మొదటిది బలహీనమైనది, దానంతట అది కండను కదపలేదు. రెండోది బలమైనది. రెండిటి మధ్య ఎడం 1 నుంచి 5 మిల్లీసెకన్లు ఉంటే, రెండో దానికి రావాల్సిన అల చిన్నదైపోతుంది. ఎడం 10, 15 మిల్లీసెకన్లకు పెంచితే అల మామూలు కంటే పెద్దదవుతుంది. అంటే మెదడు పైపొరలోనే తొక్కే బ్రేకూ ఉంది, తోసే చెయ్యీ ఉంది. ఆ బ్రేకు గాబా పని. పిల్లల్లో వయసు తేడా, ఆడవాళ్లలో నెలసరి తేడా ఇలాంటి కొలతల్లో కూడా కనబడతాయి.

మీ అబ్బాయితో మొదలుపెడతా, ఎందుకంటే జీవితం మొత్తంలో వయసు ప్రభావం అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది పిల్లల్లోనే. చిన్నపిల్లల థ్రెషోల్డ్ పెద్దవాళ్ల కంటే చాలా ఎక్కువ. బాగా చిన్నవాళ్లలో మెషీన్‌ని పూర్తిగా పెంచినా, చెయ్యి వదులుగా ఉంటే అల రాకపోవచ్చు. మెదడు నుంచి వెన్నులోకి దిగే నరాలకు మైలిన్ తొడుగు పూర్తిగా పడేదాకా ఇంతే. వయసు పెరిగే కొద్దీ థ్రెషోల్డ్ దిగుతూ వచ్చి, సుమారు 13, 16 ఏళ్ల మధ్య పెద్దవాళ్ల స్థాయికి చేరుతుంది. పదకొండేళ్ల పిల్లవాడికి అమ్మమ్మ కంటే ఎక్కువ అంకె వచ్చినా నేను ఆశ్చర్యపోను. అప్పుడు వాడి మెదడు అమ్మమ్మ మెదడు కంటే ‘మొద్దు’ అంటారా? పిల్లల్లో బ్రేకు కూడా బలహీనం. కొత్త పనులు వాళ్లకు అంత తొందరగా అబ్బడానికి అదీ ఒక కారణమని భావిస్తారు. అబ్బాయికి ఏ జబ్బూ లేకపోతే ఊరికే చూద్దామని చేయించే పరీక్ష మాత్రం కాదిది. డిప్రెషన్‌కి ఈ చికిత్సను పెద్దవాళ్లలో వాడడానికి అమెరికా ఎఫ్‌డీఏ (మందులకూ, వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే అక్కడి సంస్థ) 2008లో అనుమతిస్తే, 15 ఏళ్లు దాటిన పిల్లలకు, అదీ ఇతర చికిత్సతో పాటుగా, 2024 దాకా పట్టింది.

పెద్ద వయసులో చిత్రం ఇంత శుభ్రంగా ఉండదు. అల సైజు తగ్గుతుందని చాలామంది చూశారు. కానీ ఆ అల మెదడు ఒక్కదానిదే కాదు. మెదడు, వెన్ను, చేతి నరం, కండ, నాలుగూ కలిసి పంపే సంతకం అది. 60 దాటాక వెన్నులో కండల్ని నడిపే నరకణాలు తగ్గుతాయి, బొటనవేలి కండ పలచబడుతుంది. అల చిన్నదయిందని మెదడును నిందిస్తే ఎలా? అందుకే జాగ్రత్త గల ల్యాబుల్లో మణికట్టు దగ్గర నరానికి నేరుగా కరెంటు ఇచ్చి కండ ఎంత పెద్ద అల ఇవ్వగలదో చూసి, దానితో పోల్చి రాస్తారు. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో 2003లో 42 మందిని కొలిచి చూస్తే, థ్రెషోల్డ్‌లో వయసు తేడా గానీ, ఆడా మగా తేడా గానీ కనబడలేదు. పెద్దవాళ్లలో మాత్రం అల గరిష్ఠానికి చేరాలంటే ఎక్కువ శక్తి కావాల్సి వచ్చింది. బండి స్టార్టవడానికి కిక్కు అంతే, స్పీడు అందుకోవడానికి మాత్రం యాక్సిలరేటర్ ఇంకాస్త తిప్పాలన్నమాట.

రెండు పల్సుల బ్రేకు పరీక్షలో పెద్దవాళ్ల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగవు. బ్రేకు తగ్గిందని కొందరు, పెరిగిందని కొందరు, తేడా లేదని ఇంకొందరు. నిజం చెప్పాలంటే దీన్ని ఆధారం చేసుకుని ఒక్క మనిషి గురించి ఏదైనా చెప్పేవాళ్లను నేను నమ్మను. కాస్త గట్టిగా నిలబడిన విషయం ప్లాస్టిసిటీ. అంటే పల్సుల వరస ఒకటి ఇచ్చాక, ఆ మార్పును మెదడు ఎంతసేపు పట్టి ఉంచుతుంది అన్నది. 2011లో బోస్టన్‌లో 19 ఏళ్ల వాళ్ల నుంచి 81 ఏళ్ల వాళ్ల దాకా తీసుకుని చూస్తే, వయసు పెరిగే కొద్దీ ఆ మార్పు నిలిచే సమయం తగ్గుతూ వచ్చింది. అమ్మగారి లాంటివాళ్లకు ఒకటీ రెండూ కాకుండా వారాల తరబడి సిట్టింగులు పెట్టడం ఎంత అవసరమో దీన్ని చూస్తే అర్థమవుతుంది.

మీ అసలు భయం అల్జీమర్స్ గురించి అని మీ ప్రశ్న మధ్యలో ఒక మాట చూసి అనుకున్నా. థ్రెషోల్డ్ పెరిగితే మతిమరుపు జబ్బేమో అని కదా? చాలా పరిశోధనల్లో అల్జీమర్స్ పేషెంట్ల థ్రెషోల్డ్ అదే వయసు ఆరోగ్యవంతుల కంటే తక్కువగా వచ్చింది. అంటే మీరు భయపడుతున్న దిశే తారుమారు. అల్జీమర్స్‌లో తేడాగా వచ్చేది ఇంకో పరీక్ష: మణికట్టు నరానికి చిన్న కరెంటు ఇచ్చి, 20 మిల్లీసెకన్ల తర్వాత తల మీద పల్స్ ఇస్తే మామూలుగా అల తగ్గాలి. అసిటైల్‌కోలిన్ కొరవడిన మెదడులో ఆ తగ్గుదల తక్కువగా ఉంటుంది. అమ్మగారికి చేసింది అది కాదు. కాబట్టి 62ను చూసి ఆ దారిలో ఆలోచించడం ఆపేయండి.

ఆడా మగా తేడా. థ్రెషోల్డ్‌లో చెప్పుకోదగ్గ తేడా లేదన్నది ఎక్కువ పరిశోధనల మాట. అల రావడానికి పట్టే సమయంలో తేడా ఉంటుంది, మగవాళ్లకు కాస్త ఆలస్యం. అది మెదడు సంగతి కాదు. ఎత్తు ఎక్కువ, చెయ్యి పొడవు, సంకేతం నడవాల్సిన దారి ఎక్కువ. ఎత్తును లెక్కలోకి తీసుకుంటే తేడా చాలావరకు మాయమైపోతుంది. మా దగ్గర టేపు పెట్టి ఎత్తు రాసుకోకుండా ఆ అంకెను రిపోర్టులోకి ఎక్కించం. ఇంకోటి, అడిలైడ్ కొలతల్లో ఆడవాళ్లలో ఒక పల్సుకీ ఇంకో పల్సుకీ అల సైజు మగవాళ్ల కంటే ఎక్కువగా ఊగిసలాడింది. ఊగిసలాట ఎక్కువ ఉన్నచోట తక్కువ పల్సులతో సగటు తీస్తే తప్పుదారి పడతాం. పెద్ద తేడాగా రిపోర్టు అయ్యేది కొన్నిసార్లు ఇదే.

మీ నెలసరి ప్రశ్నకు మాత్రం నిజమైన జవాబు ఉంది, అది ఔను. అమెరికాలో 1999లో, మళ్లీ 2002లో ఒకే బృందం ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్లను నెలలో వేర్వేరు దశల్లో రెండు పల్సుల పరీక్షతో చూసింది. అండం విడుదలైన తర్వాతి రెండు వారాల్లో బ్రేకు బలపడింది. అండం విడుదలకు ముందు రోజుల్లో, ఈస్ట్రోజన్ ఎక్కువగా ఉన్నప్పుడు, తోసే చెయ్యి బలపడింది. కారణం కూడా తెలుసు. ప్రొజెస్టెరోన్ నుంచి శరీరంలో తయారయ్యే అల్లోప్రెగ్ననలోన్ అనే పదార్థం గాబా బ్రేకును గట్టిగా తొక్కిస్తుంది, అంటే మీ అమ్మగారి క్లోనజెపామ్ చేసే పని లాంటిదే ఒంట్లోనే జరుగుతుంది. ఈస్ట్రోజన్ ఉత్సాహపరిచే వైపు లాగుతుంది. ఫిట్స్ ఉన్న కొందరు ఆడవాళ్లకు నెలసరి ముందు ప్రొజెస్టెరోన్ ఒక్కసారిగా పడిపోయే రోజుల్లో ఫిట్స్ ఎక్కువ కావడం న్యూరాలజిస్టులు ఎప్పటినుంచో చూస్తున్నదే. మీ తలనొప్పి సరిగ్గా అదే రోజుల్లో వస్తుందని రాశారు. అక్కడ ఈస్ట్రోజన్ పడిపోవడాన్ని ముఖ్య కారణంగా చెబుతారు.

అయితే ఇది బ్రేకు గురించి. థ్రెషోల్డ్ అంకె నెలలో అంతగా ఊగదు. కాబట్టి మీకు రేపు టీఎంఎస్ చేయాల్సివస్తే నెలసరి అయిపోయేదాకా ఆగాల్సిన పని లేదు. పరిశోధన కోసం కొలుస్తుంటే మాత్రం తేదీ అడిగి రాసుకోవాలి, గర్భనిరోధక మాత్రలు వాడుతున్నారా అన్నదీ రాసుకోవాలి. ఇప్పటికీ చాలాచోట్ల అడగరు. మన దగ్గర మగ టెక్నీషియన్ ఉంటే అడగడానికి మొహమాటం, చెప్పడానికి వాళ్లకు మొహమాటం. నేను ఫారంలో గడి పెట్టించా, పెన్నుతో నింపేస్తారు, ఎవరికీ ఇబ్బంది లేదు. అమ్మగారికి ఆ ఎత్తుపల్లాలు ఆగిపోయి ఏళ్లయి ఉంటాయి కాబట్టి ఆవిడ విషయంలో ఈ లెక్కే రాదు. మైగ్రేన్‌కి కూడా టీఎంఎస్ పరికరం ఉంది, ఎఫ్‌డీఏ 2013లో అనుమతించింది. అప్పటి అనుమతి తలనొప్పికి ముందు కళ్ల ముందు మెరుపులు కనబడే రకానికి. అది ఒక్కో పల్సుతో చేసేది. అమ్మగారికి చేస్తున్న దానితో కలపకండి.

ఇన్ని చెప్పాక, ‘మరి వయసు వల్ల ఎంత, ఆడ కావడం వల్ల ఎంత’ అని ఒక అంకె అడిగితే నేను ఇవ్వను. ఒకే వయసు, ఒకే లింగం వాళ్లలోనే తేడాలు విపరీతం. 2013లో లండన్‌లో 50 మందికి పైగా మనుషుల మీద తీటా బర్స్ట్ అనే ఒక రకం పల్సుల వరసలు పెట్టి చూస్తే, అందరినీ కలిపి సగటు తీసినప్పుడు ఏ ప్రభావమూ తేలలేదు. కొందరిలో అల పెరిగింది, కొందరిలో తగ్గింది. రాత్రి నిద్ర లేకపోతే బ్రేకు తగ్గుతుంది. ఆదిలాబాద్ నుంచి రాత్రి బస్సులో వచ్చి పొద్దున తొమ్మిదింటికి కుర్చీలో కూర్చున్నాయన బ్రేకు, అదే మనిషి ఇక్కడ చుట్టాలింట్లో పడుకుని వస్తే ఉండే బ్రేకు ఒకటి కాదు. అందుకే నాకు పనికొచ్చే పోలిక ఒక్కటే: అదే మనిషి, అదే మెషీన్, అదే టెక్నీషియన్, వీలైతే అదే వేళ.

అమ్మగారి చికిత్స దగ్గరికి వద్దాం. సాధారణంగా థ్రెషోల్డ్‌కి 120 శాతం పెడతారు. అంటే 62 మీద సుమారు 74. ఇక్కడ వయసు గురించి ఒక విషయం నిజంగా పట్టించుకోవాలి. థ్రెషోల్డ్ కొలిచేది చెయ్యి కదిపే ప్రాంతం మీద, చికిత్స ఇచ్చేది దానికి ముందున్న నుదుటి వైపు ప్రాంతం మీద. పెద్ద వయసులో నుదుటి వైపు ఎక్కువ కుదించుకుంటే, అక్కడ దూరం ఇంకా ఎక్కువ. చెయ్యి దగ్గర సరిపోయిన దెబ్బ అక్కడ సరిపోకపోవచ్చు. మొదట్లో పెద్దవాళ్లకు టీఎంఎస్ పనిచేయదని పేరు రావడానికి తక్కువ శక్తి పెట్టడం ఒక కారణమని తర్వాత అర్థమైంది. అమ్మగారికి ఎంఆర్ఐ ఉంటే తీసుకెళ్లి, ఈ సంగతి లెక్కలోకి తీసుకున్నారా అని మర్యాదగా అడగండి. మంచి డాక్టర్ ఈ ప్రశ్నకు చిరాకు పడడు.

కార్బమజెపిన్ మోతాదు మధ్యలో మారినా, ఏ కొత్త మందు మొదలైనా థ్రెషోల్డ్ మళ్లీ కొలవమనండి. ముఖ్యంగా ఆ మందు తగ్గించినప్పుడు. ఎందుకంటే థ్రెషోల్డ్ కిందికి దిగుతుంది, పాత 74నే కొనసాగిస్తే అది ఆవిడకు ఎక్కువ అవుతుంది. ఫిట్స్ రావడం చాలా అరుదు, వెయ్యి మంది పేషెంట్లలో ఒకరికి కూడా రాదు. కానీ వచ్చిన చోట నిద్రలేమి, మందు మార్పు లాంటివి తరచూ వెనక ఉంటాయి. తల లోపల క్లిప్పులు, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్, గుండెకు పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పాలి. కట్టుడు పళ్లతో ఇబ్బంది లేదు గానీ పల్సుకు దవడ కొట్టుకుంటుందేమో చూసుకోమనండి.

ఇక రేపటి సిట్టింగ్‌కి వెళ్లేటప్పుడు అమ్మగారికి కొప్పు వేయకండి. కిందికి వదులుగా జడ అల్లి పంపండి. పిన్నులు, చెవి కమ్మలు ఇంట్లోనే తీసి పెట్టుకుంటే మంచిది, అక్కడ తీస్తే ఎక్కడో పడిపోతాయి, మా కుర్చీల కింద ఎన్ని దొరుకుతాయో. పూలు పెట్టుకోకపోతే ఆ గంటకు పర్లేదంటారా అని అమ్మగారినే అడగండి, కొంతమంది పెద్దవాళ్లు ఒప్పుకోరు. తలకు నూనె రాసినా మెషీన్‌కి ఏమీ కాదు, వాళ్లు పెట్టే గుర్తుల టోపీ జారుతుంది అంతే. కొప్పు విప్పాక మళ్లీ ఒకసారి థ్రెషోల్డ్ చూడమని అడగండి, 62 ఎంతకు దిగిందో ఇక్కడ రాయండి.